మరిదిగారి ఆకుకు పువ్వు వెతుకుతూ

ఆగస్టు 17, ఆదివారం. తాడేపల్లిగూడెం. హాజరైనవారు: నేను, నా చెల్లెలు సుగుణ, ఆమె భర్త జయరాజు గారు, వరండాలో పేము కుర్చీ మీద కూర్చోబెట్టిన ఒక కుండీ మొక్క.

డైరీలో మొక్కకు హాజరు వేయడం నాకు అలవాటు లేదు. కానీ ఆ ఇంట్లో దానికి జరుగుతున్న మర్యాద చూశాక వేయక తప్పలేదు. మనుషులం ప్లాస్టిక్ కుర్చీల్లో కూర్చున్నాం.

దూరదేశాలు తిరిగివచ్చి అక్కడి మంచు గురించి రాసేవాళ్ళు చాలామంది ఉన్నారు. పెంటపాడు, కలిదిండి వెళ్ళివచ్చి రాసినవాళ్ళు నాకు కనబడలేదు. అందుకని ఇది రాస్తున్నాను. ఏలూరులో రైలెక్కి తాడేపల్లిగూడెంలో దిగడాన్ని యాత్ర అంటారా అని నవ్వేవాళ్ళు నవ్వవచ్చు. ఏలూరు హైస్కూల్లో జీవశాస్త్రం చెప్పి రిటైరైన నాకు అంతకంటే దూరం వెళ్ళాలన్న సరదా ఏనాడూ లేదు. వెళ్ళొచ్చినవాళ్ళు ఏం నేర్చుకొచ్చారో చూస్తూనే ఉన్నాను.

తాడేపల్లిగూడెం

ఇది ఉల్లిపాయల ఊరు. స్టేషను బయటికి రాగానే ఊరంతా ఏదో తాలింపు వేయబోతున్నట్టు వాసన వస్తుంది. ఎంతసేపటికీ వేయరు.

నన్ను పిలిపించింది సుగుణ. జయరాజు గారు కాలేజీలో వ్యాయామం నేర్పి రిటైరయ్యారు. ఊళ్ళో అందరికీ ఆయన మాస్టారే. జబ్బు చేయడమంటే క్రమశిక్షణ లేకపోవడమని ఆయన నమ్మకం. షుగరు వచ్చి చాలా ఏళ్ళయినా దాన్ని ఇంకా ఒప్పుకోలేదు. ఈ వేసవిలో ఆయనకు ఎవరో ఫోనులో ఒక వీడియో చూపించారు. ఇన్సులిన్ మొక్క ఆకు రోజూ రెండు నమిలితే మాత్రలు అక్కర్లేదట. ఆ మొక్క ఈయనకు పెంటపాడులో దొరికింది. మాత్రలు మానేశారు. అంతటితో ఊరుకోలేదు. పొద్దున నడకకు వచ్చే స్నేహితులకు కూడా ఆకులు పంచుతున్నారు. వాళ్ళిప్పుడు ఆయన్ని డాక్టరు గారని పిలుస్తారు. అది వేళాకోళమని మిగతావాళ్ళందరికీ తెలుసు.

ఇప్పుడాయన కుడికాలి బొటనవేలి కింద పుండు. మానడం లేదు.

"మేజోడు వేసుకుని దాస్తున్నారక్కా," అంది సుగుణ వంటింట్లో, గొంతు తగ్గించి. "మా మామగారికీ ఇలాగే వేలితోనే మొదలైంది. మోకాలిదాకా తీసేశారు. నేను చెప్తే వినరు. నీ మాటంటే కాస్త గౌరవం."

నా మాటంటే ఉన్న గౌరవమేమిటో భోజనాల దగ్గర తెలిసింది. మొక్కను చూశాను. చెరుకులా గణుపులున్న ఎర్రటి కాడ, దాని చుట్టూ మేడమెట్లలా మెలితిరిగిన ఆకులు, ఆకు అడుగున పట్టులాంటి నూగు. నాకు అనుమానం వచ్చింది. పుస్తకాల్లో చెంగల్వ కోష్టు అని రాసే మొక్క ఒకటుంది. అది మన నేలదే. తడి అడవుల్లో, వాగు గట్ల మీద, మన వైపైతే నీడ ఉన్న కాలువ గట్ల మీద పెరుగుతుంది. నేలలో దుంప దాచుకుని ఏటా వానలకు పైకి లేస్తుంది. నర్సరీలవాళ్ళు ఇన్సులిన్ మొక్క అని అమ్మేది దానికి దూరపు చుట్టం, వేరే ఖండం నుంచి వచ్చింది. దాని పువ్వు నారింజ రంగు. మనదానికి ఎర్రటి గుత్తిలోంచి తెల్ల పువ్వు వస్తుంది.

ఇదంతా చెప్పాను. జయరాజు గారు పెరుగన్నం కలుపుతూ విన్నారు.

"వదినగారూ, పువ్వు చూడకుండా పేరు చెప్పేవాడికి మార్కులు వెయ్యనని మీరు క్లాసులో అనేవారటకదండీ."

"అనేదాన్ని."

"దీనికి పువ్వేదండీ?"

కుండీలోది లేత మొక్క. పువ్వు లేదు.

"ఇది తెచ్చిన చోట పెద్ద మొక్కలు ఉంటాయి కదా," అన్నాను.

"పెంటపాడాయన దీన్ని తెచ్చింది కలిదిండి నుంచండీ. కొల్లేటి నీళ్ళలో పెరిగిందే గట్టిగా పనిచేస్తుందంట. పదండి, రేపు చూపిస్తాను. నారింజ రంగు పువ్వు కాకపోతే మర్నాటి నుంచి మాత్ర వేసుకుంటాను. నారింజ రంగైతే మాత్రం ఇంకెప్పుడూ ఆ ఊసెత్తకూడదు."

అసలు ఇన్సులిన్ మొక్కే అయినా మాత్ర మానమని ఏ డాక్టరూ చెప్పడన్నాను. ఆయనకు వినబడలేదు. సుగుణ నా వైపు చూసింది. ఒప్పుకున్నాను.

పెంటపాడు

సోమవారం పొద్దున సుగుణ కారు తీసింది. అరవై దాటాక నేర్చుకున్న డ్రైవింగు. రోడ్డు మీద బర్రెలకు కూడా ఇండికేటరు వేస్తుంది. ముందు సీట్లో జయరాజు గారు, ఆయన ఒడిలో కుండీ, వెనక నేను.

దారిలో టిఫినుకు ఆగాం. పెసరట్టు ఉప్మా డెబ్బై రూపాయలు. ఈ వైపు అల్లం పచ్చడిలో బెల్లం వేస్తారని తెలుసు గానీ, బెల్లంలో అల్లం వేస్తారని ఇప్పుడే తెలిసింది. జయరాజు గారు ఆ పచ్చడి మూడుసార్లు వేయించుకున్నారు. తర్వాత ఒక ఆకు తుంచి నమిలి, లెక్క సరిపోయిందన్నట్టు మూతి తుడుచుకున్నారు.

మొక్క ఇచ్చిన వెంకటరత్నం గారిది పెంటపాడులో కాలువ దగ్గరి ఇల్లు. వరి రైతు, మెత్తని మనిషి. మేం కూర్చోకముందే కాఫీలు వచ్చాయి. వద్దంటే మజ్జిగ వచ్చింది. అదీ వద్దంటే కొబ్బరిబొండాలు వచ్చాయి.

"రత్నం గారూ, మీరిచ్చిన మొక్క కలిదిండి నుంచి తెచ్చిందే కదండీ?" అని అడిగారు జయరాజు గారు.

"ఆయ్."

"మీ తోడల్లుడుగారి చెరువు గట్టు మీదిదే కదండీ?"

"ఆయ్, అంతేనండి."

"ఇన్సులిన్ మొక్కే కదండీ?"

"మీకు తెలీందేముందండి, మాస్టారు."

జయరాజు గారు నా వైపు తిరిగి తల ఎగరేశారు. వెంకటరత్నం గారు నా వైపు తిరిగి నవ్వారు. నేను ఏ వైపు మాట్లాడినా అటే తల ఊపుతారని అప్పుడే పోల్చుకోవలసింది. మా ఏలూరులో కనీసం కూరగాయల బేరంలోనైనా కాదు అనే మాట వినబడుతుంది. ఇక్కడ అదీ లేదు. ఇంటికొచ్చిన మనిషిని, అందులోనూ పెద్దవాళ్ళను కాదనడం తప్పు. ఆ తప్పు చేయకుండా ఉండడానికి ఎంత అబద్ధమైనా చెబుతారు. దానికి మర్యాద అని పేరు.

కొల్లేరు దారి

గణపవరం దాటాక చేలు తగ్గి చెరువులు మొదలయ్యాయి. కొల్లేరు చూడబోతున్నామని ఎదురుచూసేవాళ్ళకు ఒక మాట. అది ఎప్పుడు వచ్చిందో, ఎప్పుడు వెళ్ళిందో తెలియదు. ఎటు చూసినా గీత గీసినట్టు చేపల చెరువులు, నీళ్ళు చిలికే ఏరేటర్లు, మేత బస్తాలు. గట్ల మీద గడ్డిపరక ఉండదు. మొలిస్తే మందు కొడతారు. నీడలో తడి మట్టిలో బతికే మొక్క ఇక్కడ ఉందని నమ్మాలంటే చాలా గట్టి విశ్వాసం కావాలి. అది మరిదిగారికి ఉంది.

ఒకచోట ఐసు లారీ వెనక చాలాసేపు ఇరుక్కున్నాం. దాని తలుపుల నుంచి కారే చేపల నీళ్ళు మా అద్దం మీద పడ్డాయి. సుగుణ వైపర్లు వేసింది. వాసన లోపలికి వచ్చింది.

చెట్టు మీద గూడకొంగలు కనబడ్డచోట కొందరు కుర్రాళ్ళు కార్లాపి, వాటికి వీపు తిప్పి తమ ఫొటోలు తీసుకుంటున్నారు. జయరాజు గారు కూడా దిగారు. ఆకు ఫొటో తీస్తే పేరు చెప్పే యాప్ ఆయన ఫోనులో ఉంది. వెలుతురు బాగుందని మా కుండీ మొక్కకు ఫొటో తీశారు. యాప్ మొదట అల్లం అంది. రెండోసారి వెదురు అంది. మూడోసారి ఆయన బొటనవేలు పడింది. దాన్ని పుట్టగొడుగు అంది.

"నెట్‌వర్కు లేదండి ఇక్కడ," అన్నారు.

కలిదిండి

వెంకటరత్నం గారి తోడల్లుడి పేరు రాంబాబు. చెరువులు కౌలుకు తీసుకుని చేపలు పెంచుతారు. ముందే ఫోను వెళ్ళినట్టుంది, గట్టు మీద గొడుగు పట్టుకుని నిలబడి ఉన్నారు.

"ఈ మొక్క మీ గట్టు మీదిదే కదండీ?" అని జయరాజు గారు కారులోంచి కుండీ ఎత్తి చూపించారు.

"ఆయ్. ఇక్కడిదేనండి."

"పెద్దవి ఉన్నాయాండీ, పువ్వులతో?"

"ఎందుకుండవండి. రండి."

మోటారు షెడ్డు వెనక్కి తీసుకువెళ్ళారు. అక్కడ నాలుగు మెట్టతామర మొక్కలు ఉన్నాయి. ప్రతి బస్టాండులోనూ ఉండే మొక్కే. పువ్వు నారింజ రంగు.

జయరాజు గారి మొహం వెలిగిపోయింది. "చూశారా వదినగారూ."

"రెండు ఆకులూ పక్కపక్కన పెట్టండి," అన్నాను.

పెట్టారు. ఒకటి అరచేయంత లేదు, ఇంకొకటి విస్తరంత ఉంది. "నేల సారం, వదినగారూ. చెరువు మట్టి కదండీ," అన్నారు.

అప్పుడు నాకు ఒక ఆలోచన వచ్చింది. షెడ్డు పక్కన ఆముదం మొక్క ఉంటే, ఒక ఆకు కోసి రాంబాబు గారికి చూపించాను.

"రాంబాబు గారూ, మీరు మీ తోడల్లుడికి ఇచ్చింది ఈ మొక్కే కదా?"

"అదేనండి."

"షుగరుకు వాడేది ఇదే కదా?"

"ఇదేనండి. బాగా పనిచేస్తాదండి."

సుగుణ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. జయరాజు గారు ఆకాశంలోకి చూశారు.

"పోనీ, అసలు మొక్కకు పువ్వు ఏ రంగు?" అని అడిగాను.

రాంబాబు గారు ఇబ్బందిగా గొడుగు చేయి మార్చుకున్నారు. "మీరు ఏ రంగనుకుంటున్నారండి?"

నా ఉద్యోగంలో చాలామంది మొద్దు పిల్లలను చూశాను. వాళ్ళు తెలియకపోతే తెలియదని గోడవైపు చూసేవాళ్ళు. ఇంత తెలివిగా తప్పించుకున్నవాడు ఒక్కడూ లేడు.

కొల్లేటికోట

వచ్చినవాళ్ళం కొల్లేటికోట కూడా చూడాలని జయరాజు గారు పట్టుబట్టారు. అక్కడైనా అసలు నీళ్ళుంటాయి, అసలు మొక్క ఉంటుందని ఆశ. దారిలో హోటల్లో భోజనం నూట యాభై. ఎటు తిరిగినా చేపలే ఉన్న దేశంలో, చేపల పులుసు అయిపోయిందని చెప్పి చికెన్ పెట్టారు. చేపలన్నీ లారీల్లో పై రాష్ట్రాలకు పోతాయట. మా ఏలూరు హోటళ్ళలోనే నయం, మధ్యాహ్నం దాకా చేపముక్క ఉంటుంది.

కొల్లేటికోటలో నీళ్ళున్నాయి. ఆ నీళ్ళ మీద గుర్రపుడెక్క దుప్పటిలా పరుచుకుని ఊదాపూలు పూసింది. బయటినుంచి వచ్చి సరస్సును మింగుతున్న ఆ కలుపు ముందు నిలబడి జనం పెళ్ళి ఫొటోలు తీసుకుంటున్నారు. మా మొక్క జాడ లేదు. జయరాజు గారు బురద గట్టు మీద అటూ ఇటూ నడిచి, ఒకచోట జారి, కుండీతో సహా కూలబడ్డారు. కుండీ పగలలేదు. ఆయన లేచి, "ఏం కాలేదు, ఏం కాలేదు," అంటూ కారుదాకా వచ్చారు.

సుగుణ ఆయన కాలివైపు చూసింది. బురద అంటిన తెల్ల మేజోడు ముందుభాగం ఎర్రగా తడిసి ఉంది.

"నొప్పి లేదాండీ?" అంది.

"లేదే. ఏవీ తెలీడం లేదు."

ధైర్యం చెప్పాలని అన్న మాట అది. సుగుణకు అదే భయం. వాళ్ళ మామగారు కూడా నొప్పి లేదు, నొప్పి లేదు అనే అన్నారట. ఆమె మేజోడు విప్పి, సీసాలో నీళ్ళతో కడిగి, తన కొత్త చేతిరుమాలు కట్టింది. ఆసుపత్రికి పోదామంది. పువ్వు చూశాకే అన్నారు ఆయన. అంత మొండితనాన్ని పదిమంది పిల్లలకు పంచినా, తలా ఒక పరీక్ష తప్పడానికి సరిపోతుంది.

మళ్ళీ పెంటపాడు

తిరుగు దారిలో నేను నా ప్రశ్నలు మార్చుకోవాలని తీర్మానించాను. అవును అని జవాబు చెప్పడానికి వీలున్న ప్రశ్న ఒక్కటీ అడగకూడదు.

వెంకటరత్నం గారింట్లో మళ్ళీ కాఫీలు వచ్చాయి. ఈసారి వద్దనలేదు. తాగి, అడిగాను.

"రత్నం గారూ, ఈ మొక్క తవ్విన రోజు మీ చెప్పులు ఎక్కడ విడిచారు?"

ఆయన ఆలోచించలేదు. "కాలువ లాకు మెట్ల మీదండి. గట్టు బురదగా ఉందని."

"ఏ లాకు?"

"ఇదిగోనండి, మన ఇంటెనకాలదే."

జయరాజు గారే కష్టం మీద నోరు తెరిచారు. "మరి కలిదిండి నుంచి అన్నారు కదండీ?"

"మీరన్నారండి. మీ తోడల్లుడిది కలిదిండే కదా, అక్కణ్ణుంచే కదా అన్నారు. పెద్దవారు, అంత నమ్మకంగా అంటుంటే కాదంటే బాగోదనండి."

"ఇన్సులిన్ మొక్క అని?"

"అదీ మీరే అన్నారండి. మా ఆవిడ అరుగు మీదకి అందంగా ఉంటాదని తవ్వుకొచ్చానండి నేను. మీరు చూసి అదేనా అన్నారు. మాస్టారు కదా, తెలిసే అంటున్నారనుకున్నాను."

లాకు దాకా రెండు నిమిషాలు కూడా పట్టలేదు. పొద్దున్నుంచి మేం తిరిగిన దారి తలచుకుంటే ఇప్పటికీ నాకు ఒళ్ళు మండుతుంది. పాత కాలువ గట్టు, ఎప్పుడో వేసిన నిద్రగన్నేరు చెట్లు, వాటి కింద పగలే మసక. ఎవరి కంటా పడక మందు కొట్టని ఆ కాస్త చోటులో అవి నడుమెత్తు పెరిగి ఉన్నాయి. మెలితిరిగిన కాడల చివర మొక్కజొన్న పొత్తంత ముదురెరుపు గుత్తి, దాని మీద చీమల బారు, ఆ గుత్తిలోంచి ఒక్కొక్క పువ్వు. తెలుపు. ముడతల కాగితం లాంటి తెలుపు, గొంతులో కాస్త పసుపు. ఒక్కరోజు పువ్వు కావడంతో సాయంత్రానికి అప్పటికే అంచులు వాలిపోతున్నాయి. నలభై ఏళ్ళు బొమ్మ గీసి పాఠం చెప్పిన మొక్క. ఇంత దగ్గరగా ఇన్ని ఒకేచోట నేనూ చూడలేదు. ఆ సంగతి వాళ్ళకు చెప్పలేదు.

జయరాజు గారు ఫోనులోని నారింజ పువ్వు బొమ్మ తీసి, తెల్ల పువ్వు పక్కన పట్టుకుని చాలాసేపు నిలబడ్డారు. వేరే గుత్తి దగ్గరికి వెళ్ళి పట్టుకున్నారు. అదీ తెలుపే.

"చెంగల్వ కోష్టు," అన్నాను. "ఇప్పుడు పువ్వు చూసే చెబుతున్నాను."

"ఆయ్, అదేనండి," అన్నారు వెంకటరత్నం గారు.

కారులో జయరాజు గారు కుండీని ఒడిలో పెట్టుకోలేదు. వెనక నా కాళ్ళ దగ్గర పెట్టారు. ఇంటి దగ్గర దిగేటప్పుడు అన్నారు: "సరేనండి వదినగారూ. రేపటినుంచి వేసుకుంటాను."

పొద్దున్నుంచి అందరి నోటా విన్న మెత్తటి గొంతే అది. సుగుణా నేనూ ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం.

మరునాటి ఉదయం

మంగళవారం తెల్లవారాక గేటు చప్పుడైంది. నడక స్నేహితులు ముగ్గురు, ఒకాయన చేతిలో ఆకుల కోసం ప్లాస్టిక్ కవరు. సుగుణ కిటికీ దగ్గర నిలబడింది. ఇంట్లో మా ముందు ఒప్పుకోవడం వేరు. తనని డాక్టరు గారని పిలిచే మనుషుల ముందు ఆయన ఏం చేస్తారన్నదే ఆమెకు కావాలి.

జయరాజు గారు గుడ్డకట్టు కాలుతో కుంటుతూ వెళ్ళారు.

"డాక్టరు గారూ, నిన్న కనబడలేదేంటండీ? కాలికేమైందండీ?"

"కాదండి," అన్నారాయన. "నేను డాక్టర్ని కాదు. ఇది ఆ మొక్క కాదు. మా రత్నం గారి కాలువ గట్టుది. నేనే ఊహించుకుని మీ అందరికీ పెట్టాను."

వాళ్ళు నవ్వారు. మాస్టారు జోక్ చేస్తున్నారనుకున్నారు. "అలాగేనండి. ఏ మొక్కైతే ఏంటండి, మాకు తేలిగ్గానే ఉంది. రెండాకులు పడెయ్యండి," అన్నాడు కవరాయన.

జయరాజు గారు జేబులోంచి మాత్రల అట్ట తీశారు. వాళ్ళ ముందే ఒకటి చింపి నోట్లో వేసుకుని, నీళ్ళు లేకుండా మింగారు. గొంతులో అడ్డం పడి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఆ తర్వాత వంగి కట్టు విప్పి, వేలు చూపించారు.

ఇద్దరు చూపు తిప్పుకున్నారు. మూడో ఆయన, అంతవరకూ మాట్లాడనివాడు, ధాన్యం వ్యాపారి, గేటు ఊచ పట్టుకుని ఆ వేలినే చూస్తూ ఉండిపోయాడు.

"మాస్టారూ, నేనూ మానేశానండి," అన్నాడు. "మూడు నెలలైందండి. ఈ మధ్య కళ్ళు మసగ్గా ఉంటున్నాయి. వయసనుకున్నాను."

"సుగుణా," అని పిలిచారు జయరాజు గారు. ఆమె అప్పటికే కారు తాళాలతో మెట్లు దిగుతోంది. ఇద్దర్నీ వెనక సీట్లో కూర్చోబెట్టుకుని ఆసుపత్రికి తీసుకువెళ్ళింది. వీధి చివర బర్రెకు ఇండికేటరు వేయలేదు, హారను కొట్టింది.

మిగిలిన ఇద్దరూ కారు మలుపు తిరిగేదాకా మర్యాదగా నిలబడ్డారు. తర్వాత వరండా మెట్టెక్కి, నేను చూస్తుండగానే కుండీలోంచి తలా రెండాకులు తుంచుకుని, నాకు నమస్కారం పెట్టి, నడకకు వెళ్ళారు.